వెళ్ళి చూడటమా? కూర్చుని చూడటమా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పావుగంట సమయం ఇచ్చారు. మైకు దొరికిన పెన్షనరును పావుగంటలో దింపడం ట్రెజరీ ఆఫీసరు వల్ల కూడా కాదని వారికి తెలుసు. అయినా రూలు రూలే కనుక చెప్పారు. సాధ్యమైనంతవరకు పాటిస్తాను.

విషయం మీ అందరికీ తెలిసిందే. ఏటా మనం వేసే యాత్ర బస్సు ఈ ఏడు మానేసి, ఆ డబ్బుతో సంఘం హాలుకు ఒక పెద్ద టీవీ, కళ్ళకు తగిలించుకునే ఆ వీఆర్ పెట్టెలు రెండు కొందామని కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదన పెట్టినవారు నాకు మిత్రులు. వారు చూపిన కారణాలు కూడా కొట్టిపారేయదగ్గవి కావు. మనలో డెబ్బై దాటినవారే ఎక్కువ. మోకాళ్ళు మాట వినవు. ప్రతి గంటకూ బస్సు ఆపాలి, ఆపిన చోట తగిన వసతి ఉండాలి. రైలులో పోదామా అంటే, అరవై నిండిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది నిండిన ఆడవారికి 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. ఇన్ని తిప్పలు పడి వెళ్ళి, జనం వీపులు చూసి రావడం కన్నా, ఫ్యాను కింద కూర్చుని కాశీ, రామేశ్వరం, కోరితే లండను కూడా చూడవచ్చు కదా అని వారి వాదన.

ఈ ఫైలు మీద నా నోటు ఇది. నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. ముందు వాటి పక్షాన చెప్పవలసింది చెబుతాను.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. నేను అక్కడికి వెళ్ళలేదు, ఇక వెళ్ళను కూడా. కానీ వాళ్ళ వీధి నాకు తెలుసు. మలుపు దగ్గర ఎర్ర ఇటుకల ఇల్లు, దాని పక్కన బడి, బడి ఎదురుగా మేపుల్ చెట్టు. మనవడు గూగుల్ వారి వీధి చిత్రం తెరిచి, "తాతయ్యా, నడువు" అన్నాడు. వేలితో నడిచాను. ఆ సదుపాయం అమెరికాలో 2007లోనే వచ్చింది. మన దేశంలో అనుమతుల దగ్గర చాలాకాలం ఆగింది. ఫైలు ఆగడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చివరకు 2022 జూలైలో పది నగరాలతో మొదలుపెట్టారు, అందులో హైదరాబాదు ఒకటి. సర్వీసు కమిషను పరీక్షకు వచ్చినప్పుడు నేను దిగిన సందు ఎక్కడుందా అని ఆబిడ్స్ అంతా వెతికాను. సందు ఉంది, లాడ్జి లేదు.

ఇక మన గుమ్మం ముందున్న అమరావతి సంగతి చూడండి. అక్కడి మహాస్తూపం మీది సున్నపురాతి శిల్పాలు చూడాలంటే అమరావతి వెళితే చాలదు. కర్నల్ మెకంజీ 1797 ప్రాంతంలో మొదట వెళ్ళి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి ఎన్నో ఫలకాలు మద్రాసుకు చేర్చాడు. అందులో చాలా భాగం 1859లో ఓడెక్కి లండను పోయాయి. నేడు అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మన ఊరి రాయిని చూడటానికి మనం సముద్రం దాటాలి. పెన్షను డబ్బుతో అది జరిగే పని కాదు. కానీ ఆ మ్యూజియం వారు ఫోటోలు అందరికీ కనబడేలా పెట్టారు. వేళ్ళతో పెద్దది చేసుకుంటే రాతి ముఖంలో నవ్వు దాకా కనబడుతుంది. అద్దం అవతల నిలబడి చూసినవాడికి కూడా అంత బాగా కనబడదేమో. కనుక ఇక్కడ యంత్రానికే నా ఓటు.

అజంతా అంతే. అది 1948 దాకా నిజాం రాజ్యంలోనిది. గుహల్లో చీకటి, రంగుల రక్షణ కోసం దీపాలు మందంగానే ఉంచుతారు. మెట్లెక్కి ఆయాసపడి వెళ్ళి, కన్ను చీకటికి అలవాటుపడే లోపల వెనకవాడు తోస్తాడు. ఈ ఇబ్బంది నిజాం పురావస్తుశాఖలో పనిచేసిన గులాం యజ్దానీ గారు ఎప్పుడో గుర్తించారు. 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా రంగు ఫోటోలతో అజంతా పుస్తకాలు వెలువరించారు. కూర్చుని చూడటం కొత్తగా పుట్టిన పని కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

నాగార్జునకొండ మాట వేరు. 1955 డిసెంబరు 10న సాగర్ కు శంకుస్థాపన జరిగింది. లోయలో ఇక్ష్వాకుల నాటి విజయపురి నీట మునిగింది. మునిగేలోపల తవ్వి తీసినవి కొండమీదికి చేర్చి, కొన్ని కట్టడాలు మళ్ళీ పేర్చారు. ఇప్పుడు లాంచీలో వెళితే చూసేది వాటినే. అసలు లోయను కాలినడకన చూడటం ఇక ఎవరికీ లేదు. అలాంటి చోట యంత్రంలో పాత ఊరు లేపి చూపిస్తామంటే నేను మొదటి వరసలో కూర్చుంటాను.

ఇంతవరకు ప్రతిపాదన పెట్టినవారు నన్ను తమవాడే అనుకుని ఉంటారు. ఇక రెండో పేజీకి వద్దాం.

నేను సర్వీసులో చాలాకాలం టి.ఎ. బిల్లుల సీటు చూశాను. యాత్ర చేయకుండానే యాత్ర చేసే విద్య గూగుల్ వారు కనిపెట్టారని మీరు అనుకుంటే పొరపాటు. మా తాలూకాఫీసులో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయన కుర్చీ కదలకుండా నెలకు పదిహేను రోజులు క్యాంపు చేసేవారు. డైరీలో బయలుదేరిన వేళ, చేరిన వేళ, మైలేజీ, హాల్టు అన్నీ సక్రమంగా ఉండేవి. వర్షాకాలంలో వాగు పొంగి దారి మూసుకుపోయిన రోజు కూడా ఆయన ఆ వాగు దాటేవారు. నేను అబ్జెక్షను రాస్తే, "నీకు ఊహాశక్తి లేదోయ్" అన్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఇదే పద్ధతి అడంగల్లో జరిగితే ఏమయ్యేదో మీకు గుర్తుండే ఉంటుంది. చేలోకి దిగి అజమాయిషీ చేయవలసినవాడు అరుగు మీద కూర్చుని నిరుటి పంటనే మళ్ళీ ఎక్కించేవాడు. కాగితం మీద వరి ఉండేది, పొలంలో తుమ్మ ఉండేది. రైతు వచ్చి లబోదిబోమన్నా రికార్డే గెలిచేది. సర్వే పటంలో గట్టు ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. ఆ గట్టు కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్నారన్న సంగతి పటంలో ఉండదు. అక్కడికి వెళ్ళి, ఎవరో ఒకరి ఇంట్లో మజ్జిగ తాగితే తెలుస్తుంది.

ఒక్క సంగతి చెబుతాను. ఇది కొంచెం బరువైన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నేను సర్వీసులో చేరి అప్పటికి అయిదేళ్ళు. నష్టం లెక్కలు రాయడానికి డెప్యుటేషను మీద కొందరిని పంపారు. అందులో నేనొకడిని. బయలుదేరేముందు మూడు రోజులు పేపరులో చదివాను, రేడియోలో విన్నాను. చనిపోయినవారు వేలల్లో అన్నారు. చివరికి ప్రభుత్వ లెక్కే పదివేలు దాటింది. వేలు అన్న మాట నాకు అంకెల కాలమ్ లో అలవాటైన మాట. అవనిగడ్డ దాటాక ఆ అంకె పోయింది. తాటిచెట్ల తలలు ఎగిరిపోయి మొండెములు నిలబడి ఉన్నాయి. వాసన సంగతి ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు. నా చేతిలో ఊరి జాబితా ఉంది. ఇంటి నంబర్లు వరసగా ఉన్నాయి. ఎదురుగా ఇళ్ళు లేవు. ఒక ముసలామె వచ్చి జాబితాలో తన పేరు ఉందా అని అడిగింది. ఉందన్నాను. "మా వాళ్ళవి కూడా ఉన్నాయా" అంది. ఉన్నాయి, అందరివీ ఉన్నాయి. ఆమె ఆ కాగితం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. రాత్రి కుక్క మొరగలేదు. అంతవరకు నేను ఏ ఊళ్ళోనూ కుక్క మొరగని రాత్రి వినలేదు.

ఆ తర్వాత ఎన్ని తుపానులు టీవీలో చూశానో. 1990లో మే నెల తుపాను చూశాను, 1996లో కోనసీమ తుపాను చూశాను, 2014లో హుద్‌హుద్ చూశాను. బొమ్మ స్పష్టంగానే ఉంది. ప్రకటనలు రాగానే లేచి భోజనానికి వెళ్ళాను. బొమ్మకు మనం ఏమీ చేయనక్కరలేదు. ఎదురుగా మనిషి ఉంటే కనీసం ఆమె కాగితం వదిలేదాకా కూర్చోవాలి.

ఇక పుణ్యక్షేత్రాలు. తిరుమల వారి భక్తి ఛానలు 2008లో వచ్చింది. మా ఆవిడ పొద్దున్నే సుప్రభాతం వేళకు టీవీ ముందు ఉంటుంది. 2020 మార్చి 20 నుంచి జూన్ తొలివారం దాకా కొండమీద భక్తులకు దర్శనాలే లేవు. స్వామివారికి ఏకాంతంగా సేవలు జరిగాయి. ఆ రోజుల్లో ఆ ఛానలే లేకపోతే మా ఇంట్లో పూజ సగమయ్యేది. ఆ తర్వాత కల్యాణోత్సవానికి ఆన్‌లైను టికెట్టు పెడితే, మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, నాచేత పంచె కట్టించి, టీవీ ముందు పీటల మీద కూర్చోబెట్టింది. గోత్రనామాలు కూడా చెప్పుకున్నాం. దాన్ని నేను ఎగతాళి చేయను. అయితే ఒక్కటి గమనించారా? ఇన్ని కెమెరాలు వచ్చినా, మూలవిరాట్టును టీవీలో చూపరు. ఉత్సవమూర్తులను చూపుతారు, ఊరేగింపు చూపుతారు. గర్భగుడిలోకి కెమెరా పోదు. ఆ రెండు క్షణాల కోసం, "జరగండి జరగండి" అనే తోపుల మధ్య, ఇంకా మనిషే వెళ్ళాలి. వెళ్ళినవాడిని ఏం చూశావని అడిగితే సరిగ్గా చెప్పలేడు. అయినా మళ్ళీ ఏడు బయలుదేరతాడు.

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అనేవారు పెద్దలు. ఆ రోజుల్లో కూడా మనబోటి ఉద్యోగి ఒకాయన వెళ్ళి వచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వంద మంది పరివారం. ఆయన పుస్తకం చదివితే నాకు అసలు సిసలు టూరు డైరీ చదివినట్టుంటుంది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి ఇసుకా రాయా, అన్నీ రాశారు. ఎక్కడా మా పెద్దమనిషి వాగు దాటినట్టు దాటలేదు. ఆ సంగతులన్నీ మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై గారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గారు 1836లో పోయారు. ఆ మిత్రుడే 1838లో దాన్ని అచ్చు వేయించారు. కదలకుండా కాశీ చూసినవారిలో పిళ్ళై గారిని కూడా లెక్కవేయాలి. అయితే ఒకరు వెళ్ళారు కనుకనే ఇంకొకరు ఇంట్లో కూర్చుని చూడగలిగారు. అందరూ పిళ్ళైలైతే రాసి పంపేదెవరు?

ఇప్పుడు కాశీ ఎంతో సులువు. విశ్వనాథుడి గుడి నుంచి గంగ దాకా కట్టిన కారిడారు 2021 డిసెంబరు 13న ప్రారంభమైంది. ఇరుకు సందులు నడవలేనివారికి అది మేలే. ఆంధ్రాశ్రమంలో తెలుగు భోజనం దొరుకుతుంది. గయలో పిండం పెట్టడం, కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలి రావడం టీవీ ముందు కూర్చుని చేసే పనులు కావు. పొట్లకాయ వదిలేశానని చెప్పిన మన సభ్యుడొకరు, అసలు దానిని ఎన్నడూ ముట్టినవారు కారని వారి ఇంటావిడే ఇక్కడ చెప్పారు. ఆమె వెంట వెళ్ళింది కనుక సంగతి బయటపడింది!

లేపాక్షి వేలాడే స్తంభం ఫోటో మీ ఫోనుల్లో యాభై ఉంటాయి. ఆ స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతలి వైపు లాగేదాకా ఎవడూ నమ్మడు. నేనూ లాగాను. వెనక వరసలో పిల్లవాడికి ఆ తువ్వాలే ఇచ్చాను.

పుష్కరాల గురించి మాత్రం నా మాట కఠినంగానే ఉంటుంది. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. 2015 జూలై 14న, మొదటి రోజు పొద్దున్నే, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. పుష్కరం పన్నెండు రోజులు. నీరు పన్నెండు రోజులూ ఒక్కటే. మొదటి రోజు, పెద్ద ఘాటు, అమృత ఘడియ అని పరుగెత్తేవారిని సంఘం బస్సు ఎక్కించకూడదు. అలాంటి రోజు టీవీలో చూడండి. నాలుగు రోజులు ఆగి, చిన్న ఊరి రేవులో మునగండి.

సోదరులారా, మనకు బాగా తెలిసిన యాత్ర ఒకటుంది. ఏటా ఒకసారి ట్రెజరీకి యాత్ర. బతికి ఉన్నామని చెప్పుకోవడానికి వెళ్ళేవాళ్ళం. ఎదురుగా నిలబడ్డా, బతికి ఉన్నట్టు కాగితం ఏదీ అని అడిగేవారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. మొదట వేలిముద్ర, తర్వాత ఫోనుకు ముఖం చూపితే చాలు అన్నారు. మంచం మీద ఉన్నవారికి అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. ఆ మేలును నేను కాదనను. కానీ ట్రెజరీ చెట్టు కింద ఏం జరిగేదో గుర్తుందా? టీ తాగేవాళ్ళం. డి.ఎ. బకాయిలు ఎప్పుడిస్తారని తిట్టుకునేవాళ్ళం. ఎవరి కొడుకు ఎక్కడున్నాడో తెలిసేది. ముఖ్యంగా, ఈ ఏడు ఎవరు రాలేదో తెలిసేది. రానివారి ఇంటికి సాయంత్రం ఇద్దరు వెళ్ళేవారు. ఇప్పుడు ఫోను నా ముఖం చూసి నేను ఉన్నానని ఒప్పుకుంటుంది. పక్కవాడు లేడని నాకు చెప్పదు. మనతో పనిచేసిన ఒక రికార్డు కీపరు పోయిన సంగతి నాకు ఏడు నెలల తర్వాత, ఫ్యామిలీ పెన్షను కాగితాల కోసం వారి భార్య సంఘానికి వచ్చినప్పుడు తెలిసింది.

నిరుడు శ్రీశైలం వెళ్ళాం కదా. పక్షవాతం వచ్చి రాలేకపోయిన మన మిత్రుడికి పాతాళగంగ దగ్గర నుంచి వీడియో కాల్ చేశాం. నేను ఫోను పట్టుకుని కృష్ణను చూపించాను, రోప్‌వే చూపించాను, గోపురం చూపించాను. ఆయన కాసేపు చూసి, ఎడమచేత్తో వద్దన్నట్టు ఊపారు. మాట స్పష్టంగా రాదు. వారి అబ్బాయి అర్థం చేసుకుని చెప్పాడు: "బస్సు చూపించమంటున్నారండీ." బస్సెక్కి చూపించాను. డ్రైవరు వెనక మూడో సీటు, కిటికీ పక్కది, పదకొండేళ్ళు ఆయన కూర్చున్న సీటు. అందులో ఎవరు కూర్చున్నారని ఆయన అడిగారు. ఎవరూ కూర్చోలేదు, పులిహోర డబ్బాలు పెట్టాం. అది చూసి ఆయన చాలాసేపు నవ్వారు.

కనుక నేను కార్యవర్గాన్ని కోరేది ఇది. బస్సు మానవద్దు. టీవీ కొనండి, అభ్యంతరం లేదు. వీఆర్ పెట్టెలు వద్దు. ఒకరు తగిలించుకుంటే మిగతా ముప్పై మంది ఆయన తల ఊపడం చూస్తూ కూర్చోవాలి. పైగా నాలుగు నిమిషాలకే నాకు కళ్ళు తిరిగాయి. దూర ప్రయాణాలు తగ్గించి, ఈ ఏడు ఒక్క రోజు అమరావతి పెట్టండి. గుంటూరు నుంచి గంట ప్రయాణం. మెట్లు తక్కువ. ముందు ఆదివారం హాల్లో టీవీ మీద లండను ఫలకాలు చూద్దాం. వాటిలో ఒకదాని మీద ఆనాటి స్తూపమే చెక్కి ఉంది. గుండ్రని గోడ, చుట్టూ ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు అన్నీ కనబడతాయి. అది చూసి వెళితే, అక్కడ మిగిలిన దిబ్బ చుట్టూ నడుస్తున్నప్పుడు ఏది ఎక్కడ ఉండేదో మనకే తెలుస్తుంది. చూడకుండా వెళ్ళి, "ఏముందండీ, మట్టిదిబ్బ" అని వచ్చినవారు మన సంఘంలోనే నలుగురున్నారు. మధ్యాహ్నం అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున భోజనం.

రాలేనివారి జాబితా కూడా తయారు చేయండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క సభ్యుణ్ణి అప్పగించండి. ఆయన అక్కడి నుంచి ఫోను చేయాలి, ఏం చూపించాలో వారినే అడగాలి. పక్షవాతం వచ్చిన మన మిత్రుణ్ణి, వారి అబ్బాయి ఒప్పుకుంటే, ఈసారి కారులో వెనకే తీసుకువద్దాం. చక్రాల కుర్చీ అద్దెకు ఎక్కడ దొరుకుతుందో నేను విచారించాను. రోజు అద్దె నేను ఇచ్చుకుంటాను. మూడో సీటు మీద పులిహోర డబ్బాలు పెట్టవద్దు.

వచ్చేవారు బి.పి. మాత్రలు, మంచినీళ్ళు, ఇంటివాళ్ళ ఫోను నంబరు రాసిన చీటీ జేబులో పెట్టుకోవాలి. పేర్లు ఈ సాయంత్రమే కోశాధికారి గారికి ఇవ్వండి. సమయం మించిందని కార్యదర్శి గారు చూస్తున్నారు.